అప్‌డేట్: కాలువ రికార్డులో "లాక్"కి తెలుగు మాట దొరికింది

గోదావరి డెల్టా కాలువల మీద పాత ఇంగ్లీషు రికార్డు ఒకటి తెలుగు చేస్తూ, కాలువలో పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే కట్టడం "లాక్"ని ఏమనాలని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. "లొల్ల లాకులు అని రోజూ అంటూనే ఉన్నాం, ఇంకా వెతకడం దేనికి?" అన్నవారి మాటే నిలబడింది (లొల్ల ఈ డెల్టాలోని ఊరే). రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు గారు కూడా లాకు, లాకులు అనే ఖాయం చేశారు.

"తాళం" అన్న మాట కొట్టేశాను, "లాక్ గేట్లు" కాస్తా తాళం తలుపులైపోతున్నాయి! "తూము" కూడా నప్పదు. తూము నీళ్లొదలడానికి, లాకు పడవ దాటడానికి. రెండు జతల తలుపుల మధ్య తొట్టి ఉంటుంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, తొట్టిలో నీటిని పెంచో తగ్గించో అవతలి మట్టానికి తెచ్చాకే ముందువి తెరుస్తారు. మట్టం కలవకపోతే నీటి ఒత్తిడికి తలుపులు కదలవు.

"హెడ్ లాక్" అంటే కాలువ మొదట్లో ఉండే లాకు, దాన్ని హెడ్ లాకు అనే ఉంచాను. "6 అడుగుల హెడ్" అన్నచోట మాత్రం అది ఎగువ దిగువ నీళ్ల మట్టాల తేడా.