‘పై కోర్టు’, ‘పరిధి’, ‘కేంద్ర కోర్టు’: అమెరికా కోర్టులకు మన మాటలు ఎంతవరకు సరిపోతాయి?

విజయవాడ నుంచి, పత్రిక డెస్క్‌లో పనిచేసే సభ్యుడు:

అందరికీ నమస్కారం. రాత్రి ఒక వార్త దగ్గర చిక్కుకుపోయాను. ఏజెన్సీ కాపీలో ‘న్యూయార్క్ సుప్రీంకోర్టు జడ్జి ఉత్తర్వు’ అని ఉంది. నేను ‘న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం’ అని రాశాను. రెండు పేరాల కింద అదే ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్తామని లాయరు మాట. అత్యున్నతం మీద మళ్లీ అప్పీలేమిటని మా చీఫ్ సబ్‌ఎడిటర్ గారు కాపీ ఆపేశారు. ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఫెడరల్ కోర్టుని కేంద్ర కోర్టు అనాలా, సమాఖ్య కోర్టు అనాలా? జ్యూరిస్‌డిక్షన్‌కి ‘అధికార పరిధి’ అంటే సరిపోతుందా? న్యూజెర్సీలో కోర్టు దుబాసీగా చేసే అక్క ఈ గుంపులో ఉన్నారు కదా. వీలు చూసుకుని చెప్పండక్కా.

న్యూజెర్సీ నుంచి, దుబాసీ:

తమ్ముడూ, మీ చీఫ్ సబ్ గారు ఆపడం మంచిదైంది. న్యూయార్క్ రాష్ట్రంలో సుప్రీంకోర్టు అంటే కేసు మొదట వేసే కోర్టు. సాక్షుల్ని విచారించేది, జ్యూరీని కూర్చోబెట్టేది అక్కడే. ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా పైన ఉండే కోర్టు పేరు ‘కోర్ట్ ఆఫ్ అప్పీల్స్’. అది ఆల్బనీలో ఉంటుంది, ఏడుగురు జడ్జీలు. ఇంకో విచిత్రం చెప్తాను. కింద ఉన్న సుప్రీంకోర్టులో కూర్చునేవారిని ‘జస్టిస్’ అంటారు, పైన ఆల్బనీలో కూర్చునేవారిని ‘జడ్జి’ అంటారు. మన దగ్గర జిల్లా జడ్జి, హైకోర్టు జస్టిస్ అని అలవాటైన చెవికి ఇది పూర్తిగా తలకిందులు. మేరీలాండ్‌లోనూ 2022 దాకా అతి పెద్ద కోర్టు పేరు కోర్ట్ ఆఫ్ అప్పీల్సే. జనం అయోమయపడుతున్నారని ఓటింగ్ పెట్టి సుప్రీంకోర్టు అని మార్చుకున్నారు. న్యూయార్క్ మార్చుకోలేదు.

మన్‌హట్టన్‌లో ఫోలీ స్క్వేర్ అని ఒక కూడలి ఉంది. అక్కడ నిలబడి చూస్తే మీ సందేహాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 60 సెంటర్ స్ట్రీట్‌లో ఆరు పలకల రాతి భవనం, పెద్ద స్తంభాలు, ఎక్కడానికి బోలెడు మెట్లు. అది రాష్ట్రానిది, పేరు సుప్రీంకోర్టు. మధ్యలో ఒక వీధి, దాన్ని దాటితే ఇంకో స్తంభాల భవనం, దాని మీద పొడుగాటి టవరు, శిఖరాన బంగారు రంగు. అది ఫెడరల్ ప్రభుత్వానిది. దాని పేరు థర్‌గుడ్ మార్షల్ కోర్టు భవనం. అక్కడ కూర్చునేదాన్ని కూడా కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అనే అంటారు, కాకపోతే అది ఫెడరల్‌వాళ్లది, ‘సెకండ్ సర్క్యూట్’ అనే ప్రాంతం అప్పీళ్లు వినేది. పేర్లు చూస్తే మొదటి భవనం పెద్దదనుకుంటాం, కేంద్రం అన్న మాట వింటే రెండోది పెద్దదనుకుంటాం. రెండూ తప్పే. రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడినవాళ్లు పక్క భవనానికి అప్పీలుకు వెళ్లరు, వెళ్లినా తీసుకోరు. రాష్ట్రం లోపలే అప్పీళ్ల విభాగానికి, అక్కడి నుంచి ఆల్బనీకి వెళ్తారు.

మనల్ని మోసం చేసేది మన క్రియాపదమే అనిపిస్తుంది నాకు. మనం కోర్టుకి వెళ్లం, ఎక్కుతాం. ‘కోర్టుకెక్కాడు’, ‘నన్ను కోర్టు మెట్లెక్కించాడు’, ‘బోనెక్కింది’. ఓడితే ‘పై కోర్టు’, గెలిచింది ‘కింది కోర్టు’లో. భారతదేశంలో ఈ భాష అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే మనకున్నది ఒకటే మెట్ల వరుస. పార్లమెంటు చట్టమైనా, అసెంబ్లీ చట్టమైనా మచిలీపట్నం జిల్లా కోర్టే చూస్తుంది, తర్వాత హైకోర్టు, తర్వాత ఢిల్లీ. అమెరికాలో పక్కపక్కనే రెండు మెట్ల వరుసలు ఉన్నాయి. ఒకటి రాష్ట్రానిది, ఇంకొకటి ఫెడరల్‌ది. ఫెడరల్ వైపు 94 జిల్లా కోర్టులు, వాటి మీద 13 అప్పీల్ కోర్టులు. రాష్ట్రాల వైపు ఎవరి లెక్క వారిదే. టెక్సాస్‌కైతే శిఖరాన రెండు కోర్టులు, సివిల్‌కి ఒకటి, క్రిమినల్‌కి ఒకటి. విడాకులు, వీలునామా, అద్దె ఇంటి తగాదా, రోడ్డు ప్రమాదం, దొంగతనం, హత్య, ఇలా మనిషి బతుకులో వచ్చే కేసుల్లో అత్యధిక భాగం రాష్ట్ర కోర్టులవే. దివాలా, పేటెంటు, ఫెడరల్ చట్టం కింద నేరాలు ఫెడరల్ కోర్టులవి.

వాషింగ్టన్‌లో ఉన్న సుప్రీంకోర్టు దగ్గర రెండు వరుసలూ కలుస్తాయి. కానీ ఆ కలయిక సన్నటిది. రాష్ట్రం శిఖర కోర్టు తీర్పులో ఫెడరల్ చట్టమో, అమెరికా రాజ్యాంగమో చిక్కుపడి ఉంటేనే వాషింగ్టన్ చూడగలదు. 1816లో మార్టిన్ కేసులో ఆ చూసే అధికారం తనకుందని తేల్చుకుంది. 1875లో మర్డాక్ కేసులో, రాష్ట్ర చట్టం అర్థమేమిటన్న దాంట్లో మాత్రం రాష్ట్ర కోర్టుదే ఆఖరి మాట అని ఒప్పుకుంది. కాబట్టి ఆల్బనీ కోర్టు న్యూయార్క్ చట్టం గురించి చెప్పిందంటే దానికి పైన ఎవరూ లేరు.

రాజమండ్రి నుంచి, రిటైరైన వకీలు:

అమ్మా, చాలా బాగా చెప్పావు. కానీ ఆ అబ్బాయి అడిగిన ‘అధికార పరిధి’ అన్న మాటని మాత్రం తీసిపారేయకు. నలభై ఏళ్లు ఆ మాటతోనే బతికినవాణ్ణి. మా దగ్గర దావా వేసేటప్పుడు మూడు పరిధులు చూస్తాం. ప్రాంతం, విలువ, విషయం. ఫలానా ఊళ్లో పొలం ఫలానా కోర్టుకి, ఇంత విలువ దాటితే ఇంకో కోర్టుకి, ఫలానా విషయం ట్రిబ్యునల్‌కి. అమెరికా కూడా ఇదే కదా చేస్తున్నది? మాట మనకుంది, కొత్తది వెతకడం దేనికి?

దుబాసీ:

మాస్టారూ, వకీళ్ల మధ్య మీ మాటకి తిరుగులేదు. నా బెంగ పేపరు చదివేవాళ్ల గురించి. వాళ్లకి పరిధి అంటే ‘స్టేషన్ పరిధి’. ఎస్సై గారు ‘ఇది మా పరిధి కాదు’ అంటే వాగు అవతల అని అర్థం. బళ్లో నేర్చుకున్న పరిధి కూడా వృత్తం చుట్టూ గీసే గీతే. లోపల ఉంటే లోపల, బయట ఉంటే బయట. అమెరికాలో ఒకే నేల మీద రెండు వృత్తాలు ఉంటాయి, ఒకే తగాదా రెండింట్లోనూ పడొచ్చు.

మీరన్న మూడు పరిధుల్లో లేనిది ఇక్కడ ఒకటుంది, కక్షిదారు ఎక్కడివాడన్నది. చట్టం రాష్ట్రానిదే అయినా, వాది ప్రతివాదులు వేర్వేరు రాష్ట్రాలవాళ్లై, తగాదా 75,000 డాలర్లు దాటితే ఫెడరల్ జిల్లా కోర్టు తీసుకోవచ్చు. బయటివాడికి స్థానిక కోర్టులో అన్యాయం జరుగుతుందేమో అన్న పాత భయంతో 1789 చట్టంలోనే పెట్టారు, అప్పుడు 500 డాలర్లు. విదేశీయులకూ ఇది వర్తిస్తుంది. న్యూజెర్సీలో ఉండే మన హెచ్1బీ కుర్రాడు న్యూజెర్సీవాడైన ఇంటి ఓనరు మీద అంత పెద్ద మొత్తానికి దావా వేస్తే ఫెడరల్ కోర్టుకి వెళ్లే దారి ఉంది. అదే కుర్రాడికి గ్రీన్‌కార్డు వచ్చి, అక్కడే స్థిరపడితే ఆ దారి మూసుకుంటుంది. ఇల్లు మారలేదు, ఓనరు మారలేదు, తగాదా మారలేదు. దీన్ని పరిధి అంటే చదివేవాళ్లకి ఎలా అందుతుంది? అందుకే ‘విచారణాధికారం’ అంటాను. ‘ఈ కేసు విచారించే అధికారం ఫెడరల్ కోర్టుకి ఉంది’ అని వాక్యంగా విప్పి రాస్తే ఇంకా మేలు.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో కళ్లారా చూశాను. వివరాలు చెప్పకూడదు గనుక పైపైన చెప్తాను. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న ఒక పెద్దాయన, పక్కన కర్ర. ఎదుటి పక్షం వేరే రాష్ట్రపు కంపెనీ. రాష్ట్ర కోర్టులో పడిన కేసుని ప్రతివాది 30 రోజుల్లోపు ఫెడరల్ కోర్టుకి తీసుకుపోవచ్చు. ఇంగ్లిషులో దాని పేరు రిమూవల్. ఆ రోజు జడ్జి, కేసు రిమూవ్ అయింది కాబట్టి ఇక్కడ ఇంకేమీ జరగదని చెప్పి లేవబోతున్నారు. నేను ‘మీ కేసు ఈ కోర్టు నుంచి తొలగించారు’ అన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. కేసు కొట్టేశారనుకున్నారు. ఆ వెంటనే ‘రిమూవల్’ అన్న ఇంగ్లిషు మాట ఆయన చెవిన కూడా పడింది. దేశం నుంచి పంపేయడాన్ని కూడా ఇక్కడి చట్టంలో రిమూవల్ అనే అంటారు, ఆ మాట వీసా మీద ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిందే. ‘అమ్మా, నన్ను పంపించేస్తున్నారా?’ అన్నారు, కర్ర గట్టిగా పట్టుకుని.

దుబాసీ ఎదుటివాళ్లు అన్న మాటనే చెప్పాలి, సొంతంగా వివరించకూడదు. జడ్జి గారి అనుమతి అడిగి నా మాట నేను సరిదిద్దుకున్నాను. ‘మీ కేసుని ఈ కోర్టు నుంచి ఫెడరల్ కోర్టుకి తరలించారు’ అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. అప్పటి నుంచీ తరలింపు తప్ప ఇంకో మాట వాడలేదు. బదిలీ అని కూడా అనను. బదిలీ అంటే పైవాళ్లెవరో ఉత్తర్వు ఇచ్చినట్టుంటుంది. ఇక్కడ తరలించేది ప్రతివాది. మరో సంగతి కూడా డెస్క్‌వాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఇమ్మిగ్రేషన్ కోర్టు ఈ రెండు వరుసల్లోనూ లేదు. అది న్యాయశాఖ కింద పనిచేసే వ్యవస్థ, అక్కడి జడ్జీలు ఆ శాఖ ఉద్యోగులు. దాన్ని ‘ఫెడరల్ న్యాయస్థానం’ అని రాయకండి.

రాజమండ్రి వకీలు:

తరలింపు బాగుందమ్మా, ఒప్పుకున్నాను. మాటలు దారి తప్పడం మనకి కొత్తేం కాదు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. మన తెలుగులోకి వచ్చి ‘ముద్దాయి’ నేరం మోపబడ్డవాడైపోయాడు. కొత్తగా వచ్చిన జూనియర్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పేవాణ్ణి.

హైదరాబాద్ నుంచి, ఒక సభ్యురాలు:

అక్కా, నాదీ ఒక సందేహం. కాన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినవాడికి రెండుసార్లు జీవిత ఖైదు పడిందని చదివాం. ఒకే నేరానికి రెండు కోర్టులు శిక్ష వేయొచ్చా? మన తెలుగులో దాన్ని ఎలా చెప్పాలి?

దుబాసీ:

చెల్లీ, ఆ 2017 ఫిబ్రవరి రాత్రి ఓలేథాలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మొదట కాన్సస్ రాష్ట్ర కోర్టులో హత్య కేసు, 2018 మేలో జీవిత ఖైదు. తర్వాత విద్వేష నేరం కింద ఫెడరల్ కేసు, అదే ఏడాది ఆగస్టులో ఆ చట్టం కింద జీవిత ఖైదు. ‘మళ్లీ శిక్ష’, ‘రెట్టింపు శిక్ష’ అన్న మాటలు అందుకే సరికావు. హత్య రాష్ట్ర చట్టానికి నేరం, జాతి చూసి చంపడం ఫెడరల్ చట్టానికి నేరం. రెండు ప్రభుత్వాలు, రెండు చట్టాలు. ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదన్న రాజ్యాంగ నియమం దీనికి అడ్డురాదని సుప్రీంకోర్టు 2019లో గాంబుల్ కేసులో 7–2 తేడాతో మరోసారి చెప్పింది.

ఇక్కడ నాకు నిజంగా మాట దొరకలేదు. ఇంగ్లిషులో దీన్ని ఇద్దరు సార్వభౌముల సిద్ధాంతం అంటారు. మన మాట సర్వభూమి నుంచి పుట్టింది. నేలంతా ఏలేవాడు సార్వభౌముడు. కవి సార్వభౌముడు అంటే శ్రీనాథుడొక్కడే, పక్కన ఇంకొకడికి చోటు లేదు. ఒకే నేల మీద ఇద్దరు సార్వభౌములు అంటే తెలుగు ఎదురు తిరుగుతుంది. నేనైతే ‘రాష్ట్రం తన చట్టం కింద, ఫెడరల్ ప్రభుత్వం తన చట్టం కింద విడివిడిగా శిక్షించాయి’ అని రాస్తాను. పొడుగే, కానీ అపార్థం రాదు.

ఇక ‘కేంద్ర’ గురించి. కేంద్రం అనగానే మనకి ఢిల్లీ, దాని కింద రాష్ట్రాలు. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు ముందు పుట్టాయి. ఫెడరల్ కోర్టుల్ని 1789లో తర్వాత కట్టుకున్నారు. పైగా ఇప్పటికీ ఫెడరల్ జడ్జి రాష్ట్రాన్ని అడిగే సందర్భాలున్నాయి. రైలు కట్ట వెంట నడుస్తూ, కదిలే బండి నుంచి పొడుచుకొచ్చినదేదో తగిలి చెయ్యి పోగొట్టుకున్న టాంప్‌కిన్స్ అనే పెన్సిల్వేనియా కార్మికుడి కేసు ఉంది. ఫెడరల్ జ్యూరీ 30,000 డాలర్లు ఇచ్చింది. 1938లో సుప్రీంకోర్టు, ఇలాంటి తగాదాల్లో ఫెడరల్ జడ్జీలు సొంత న్యాయసూత్రాలు అల్లకూడదు, రాష్ట్ర చట్టమే పాటించాలంది. రాష్ట్ర చట్టం ఆయనకి అనుకూలంగా లేకపోవడంతో ఆ డబ్బు ఆయనకి దక్కలేదు. ఆ తీర్పు ప్రభావంతోనే, రాష్ట్ర చట్టం ఏం చెప్తుందో తేలనప్పుడు ఒక్కోసారి ఫోలీ స్క్వేర్‌లోని సెకండ్ సర్క్యూట్ ఆల్బనీకి ప్రశ్న రాసి పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ‘కేంద్ర కోర్టు’ అన్న మాటలో ఈ ఆగడం ఎక్కడుంది?

సమాఖ్య అర్థంలో సరైనదే. కానీ మన పల్లెల్లో సమాఖ్య అంటే డ్వాక్రా మహిళల గ్రామ సమాఖ్య. ఫెడరల్ రిజర్వ్ అని రోజూ రాస్తూనే ఉన్నాం కదా, ఫెడరల్ కోర్టు అనే ఉంచండి.

విజయవాడ సభ్యుడు:

ధన్యవాదాలు అక్కా, మాస్టారూ. వాక్యం ఇలా మార్చాను: ‘న్యూయార్క్ రాష్ట్ర ట్రయల్ కోర్టు (అక్కడ దీన్నే సుప్రీంకోర్టు అంటారు) ఉత్తర్వు ఇచ్చింది. దీనిపై రాష్ట్ర అప్పీళ్ల విభాగానికి వెళ్తామని న్యాయవాది చెప్పారు.’ పై కోర్టు అన్న మాట తీసేశాను. సరిపోతుందా?

దుబాసీ:

సరిపోయింది తమ్ముడూ. ‘పై కోర్టు’ ఇక్కడైతే ఉంచినా తప్పు లేదు, ఎందుకంటే అదే మెట్ల వరుసలో పై మెట్టు. పక్క వరుసకి మాత్రం వాడకండి. చోటు చాలదని ఆ బ్రాకెట్‌లోని మాట ఎవరైనా కత్తిరించబోతే, కిందిపేరా తీసేయమనండి, బ్రాకెట్ మాత్రం ఉండాలి.