హబ్‌కి హార్డ్ డిస్క్ పెడితే మౌస్ తడబడుతోంది, డిస్క్ ఊడిపోతోంది

ప్రశ్న:
నా లాప్‌టాప్‌కి యూఎస్‌బీ పోర్టులు రెండే. అందుకని ఒక హబ్ కొని కీబోర్డు, వైర్‌లెస్ మౌస్ రిసీవర్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మూడూ దానికే పెట్టాను. ఫొటోలు కాపీ చేస్తుంటే మౌస్ బాణం ఆగి ఆగి కదులుతోంది. నిన్నయితే డిస్క్ టక్ టక్‌మని రెండుసార్లు దానంతటదే డిస్‌కనెక్ట్ అయింది. మా పాప పుట్టినప్పటి ఫొటోలు అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. డిస్క్ పోయినట్టేనా?

జవాబు 1:
ముందు కాపీ ఆపేయండి. డిస్క్‌ని నేరుగా లాప్‌టాప్‌కే పెట్టి చూడండి. మామూలు యూఎస్‌బీ 3.0 పోర్టు ఇచ్చే కరెంటు 900 మిల్లీ ఆంపియర్లు, 2.0 అయితే 500. గోడ ప్లగ్గుకి పెట్టే సొంత అడాప్టర్ లేని హబ్‌లో అన్నీ దాన్నే పంచుకోవాలి. లోపల పళ్లెం తిరిగే డిస్క్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, చాలకపోతే ఇలాగే టక్కుమంటుంది. నేరుగా పెట్టినా ఆ చప్పుడు వస్తే మాత్రం లోపం డిస్క్‌లోనే ఉండొచ్చు. అప్పుడు మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. హబ్ తప్పదనుకుంటే సొంత అడాప్టర్ ఉన్నది తీసుకోండి.

జవాబు 2:
మౌస్ సంగతి వేరు. యూఎస్‌బీ 3.0లో డేటా పరుగెడుతుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. చాలా రిసీవర్లు పనిచేసేదీ అక్కడే. నేను బ్యాటరీలు మార్చి మార్చి విసిగిపోయాక, రిసీవర్‌ని ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త దూరం జరిపితే సరిపోయింది.

ప్రశ్న అడిగినవారు:
నేరుగా పెట్టాక చప్పుడు లేదండీ! ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. ఈ రాత్రే ఇంకో డిస్క్‌లోకి కూడా ఒక కాపీ తీసేస్తాను.