సోక్రటీస్ జైలు నుంచి తప్పించుకోకపోవడం శీలమా, మొండితనమా?

పాతఅటక: క్రీ.పూ. 399లో ఏథెన్స్ సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది. పవిత్ర నౌక డెలోస్ దీవికి వెళ్లి తిరిగివచ్చేదాకా ఎవరి ప్రాణమూ తీయరాదన్న ఆచారంవల్ల అమలు సుమారు నెల ఆగింది. మిత్రుడు క్రిటో తెల్లవారకముందే జైలుకు వచ్చి, డబ్బు సిద్ధంగా ఉంది, ఉత్తర గ్రీసులోని థెస్సలీలో ఆశ్రయం ఉంది, లేవమన్నాడు. డెబ్భై ఏళ్లు ఏ చట్టాల నీడన బతికాడో వాటిని కాలదన్ననన్నాడు ఆయన. శీలమంటే ఇదీ. కాదనేవారు చెప్పండి.

గట్టుమీదిమాట: నేనంటాను. ఏథెన్స్‌ను ముప్ఫై మంది నియంతలు ఏలినప్పుడు, చంపడానికి సలామిస్ దీవి నుంచి లియోన్ అనే నిర్దోషిని పట్టుకురమ్మంటే సోక్రటీస్ నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటి ధిక్కారం ఇప్పుడేమైంది?

ఎండమావి: కావలివాడికి క్రిటో ఏదో మేలు చేసిపెట్టాడట, అందుకే ఆ వేళప్పుడు లోపలికి రానిచ్చాడు. దీన్ని లంచమనరా?

పాతఅటక: ఎండమావిగారూ, విషయానికి రండి. లియోన్‌ను పట్టుకురావడం అన్యాయం చేయడం. మరణశిక్ష అన్యాయానికి గురికావడం. క్రీ.పూ. 406లో ఆర్గినుసై నౌకాయుద్ధం గెలిచినా మునిగిపోతున్నవాళ్లను కాపాడలేదని నిందపడ్డ ఏథెన్స్ సేనానులందరినీ కలిపి ఒకే ఓటుతో తేల్చబోతే, అది చట్టవిరుద్ధమని ఒక్కడే అడ్డుపడ్డాడు. ఆయన నడతలో తేడా ఎక్కడుంది?

నిమ్మచెట్టు: సద్గుణాల మీద అంత రాసిన అరిస్టాటిల్, దైవద్రోహమని నిందపడితే, క్రీ.పూ. 323లో ఏథెన్స్ వదిలి ఖాల్కిస్ అనే మరో గ్రీకు నగరానికి వెళ్లిపోయాడు. ఆయనకు శీలం లేదా?

పాతఅటక: ఆయన ఏథెన్స్ పౌరుడు కాడు, శిక్షా పడలేదు.

ఎండమావి: లంచం సంగతి ఎవరూ తేల్చరేం?

గట్టుమీదిమాట: మా నాన్న ఒక ఆఫీసులో దొంగ బిల్లుల మీద సంతకం పెట్టనన్నారు. సస్పెండ్ చేశారు. ఊరంతా మెచ్చుకుంది. అక్క కాలేజీ ఫీజు మాత్రం ఎవరూ కట్టలేదు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది.

పాతఅటక: బాధాకరమే. కానీ ఇంటి గొడవలు వాదన కావు. మీ నాన్నగారు సంతకం పెట్టి ఉంటే తలెత్తుకు తిరిగేవారా?

గట్టుమీదిమాట: ఇంటి గొడవా? క్రిటో ఎత్తిందీ అదే! ముగ్గురు కొడుకులు, ఇద్దరు పసివాళ్లు. కన్నవాడు పెంచి పెద్దచేయాలి కదా అన్నాడు. చట్టాల గురించి అంత సుదీర్ఘంగా మాట్లాడిన మనిషి పిల్లల దగ్గరకొచ్చేసరికి స్నేహితులు చూసుకుంటారని రెండు మాటల్లో తేల్చేశాడు. చివరి రోజున భార్య క్సాంతిప్పే బోరుమంటే ఇంటికి పంపించేయమన్నాడు.

పాతఅటక: థెస్సలీకి తీసుకుపోతే పిల్లలు పరాయివాళ్లుగా పెరుగుతారనీ అన్నాడు. అది మీ కంటపడలేదు. మీ కోపం సోక్రటీస్ మీద కాదు.

గట్టుమీదిమాట: ఇద్దరి మీదా ఉంది. మెప్పు నాన్నకు, నష్టం అక్కకు. తెగించే ముందు ఇంట్లోవాళ్లను ఒక్క మాట అడగాలా వద్దా?

పాతఅటక: అడిగితే వద్దంటారు. అప్పుడు సంతకం పెట్టేయాలా?

గట్టుమీదిమాట: మా అక్క వద్దనేదని మీకెవరు చెప్పారు?