రైల్వే యార్డులో షంటింగ్‌కి స్టీమ్ ఇంజనే మేలా?

బిట్రగుంట_కుర్రాడు:
నిన్న వేరే చర్చలో ఒకాయన "డీజిల్ వచ్చాకే యార్డులు బాగుపడ్డాయి, స్టీమ్ మీద ప్రేమంతా ఫొటోలు తీసేవాళ్లకే" అన్నారు. నేనొప్పుకోను. మా నాన్న బిట్రగుంట ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజన్లో బొగ్గు వేసే మనిషి. మెయిన్ లైన్లో లాగి లాగి అరిగిపోయిన డబ్ల్యూజీ రకం స్టీమ్ ఇంజన్లని ఆఖర్లో షంటింగ్‌కి, అంటే యార్డులో వ్యాగన్లని అటూ ఇటూ జరిపే పనికి వేసేవాళ్లు. స్టీమ్ ఇంజన్ నిలబడ్డచోట నుంచే పూర్తి బలంతో లాగుతుంది. రెగ్యులేటర్ (ఆవిరి వదిలే మీట) కాస్త తెరిస్తే చాలు, వ్యాగన్ల చివర దెబ్బ ఆపే బఫర్లు తగిలినట్టే తెలిసేది కాదు. పైగా బొగ్గు మన సింగరేణిది. 1973లో చమురు ధర ఎగబాకినప్పుడు డీజిల్ గతేమైంది?

రిటైర్డ్_షంటర్:
బాబూ, బఫర్లు మెత్తగా తగిలాయంటే అది ఇంజన్ గొప్ప కాదు, డ్రైవర్ చెయ్యి గొప్ప. నేను కింద జెండా పట్టుకుని నిలబడ్డవాణ్ణి. షంటింగంటే అస్తమానం ముందుకీ వెనక్కీ. డబ్ల్యూజీలో దిశ మారిన ప్రతిసారీ రివర్సర్ చక్రం గిరగిరా తిప్పాలి. వెనక్కి వచ్చేటప్పుడు బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ అడ్డం, డ్రైవర్ నడుందాకా బయటికి వంగితే గానీ నేను కనపడను. చలికాలం తెల్లవారుజామున మరీ ఘోరం. సిలిండర్లలో చేరిన నీళ్లు పోవడానికి కాక్‌లు (చిన్న కుళాయిలు) తెరిచి కదిలించేవాళ్లు. ఆ ఆవిరి కమ్మేసిందంటే నా చేతిలో ల్యాంపు నాకే కనపడేది కాదు. పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ ఆ మసకలోనే వ్యాగన్ల మధ్య దూరి వాటిని కలిపే స్క్రూ కప్లింగ్ తగిలించాలి.

లోకో_పిచ్చోడు:
మాస్టారూ, డీజిల్లో మాత్రం ఏం కనపడిందండీ? చిత్తరంజన్ ఇంజన్ల కార్ఖానా చేసిన షంటింగ్ డీజిల్ డబ్ల్యూడీఎస్-4 చూడండి. క్యాబ్ (డ్రైవర్ గది) ఒక చివర, ఎదురుగా మోటారు మీద పొడుగాటి బానెట్. అటు నడిపితే తల బయట పెట్టాల్సిందే.

రిటైర్డ్_షంటర్:
నిజమే. కానీ బానెట్ ఆవిరి కక్కదు కదయ్యా!

లెక్కల_పంతులు:
అసలు ఖర్చు సంగతి ఎవరూ ఎత్తరేం? స్టీమ్ ఇంజన్ పని లేకపోయినా బొగ్గు తింటుంది. నిప్పు ఆర్పితే మళ్లీ ఆవిరి ఎక్కడానికి గంటలు పడుతుంది. బూడిద దులపాలి, క్లింకర్ (గడ్డకట్టిన బూడిద) కొట్టాలి, నీళ్లకి షెడ్డుకి పోవాలి. డీజిల్‌కి ఇంధనం నింపి, మనుషుల్ని మార్చుకుంటూ షిఫ్టు మీద షిఫ్టు నడపొచ్చు.

లోకో_పిచ్చోడు:
సరే, కానీ పోటీయే సమంగా లేదు. చిత్తరంజన్‌లో స్టీమ్ తయారీ 1972లోనే ఆపేశారు. బ్రాడ్‌గేజ్ మీద స్టీమ్ 1995 దాకా నడిచింది. అంటే ముసలి ఇంజన్లని కొత్త డీజిల్‌తో పోలుస్తున్నాం. అదీ గూడ్స్ లాగడానికి చేసినవి. టెండర్ లేకుండా బొగ్గూ నీళ్లూ తన మీదే మోసే ట్యాంక్ ఇంజనైతే వెనక్కి కూడా బాగా కనపడుతుంది కదా?

బిట్రగుంట_కుర్రాడు:
అదీ మాట! తప్పు స్టీమ్‌ది కాదు, యార్డుకి పంపినవాళ్లది.

రిటైర్డ్_షంటర్:
ట్యాంక్ ఇంజన్ మా యార్డుకి ఇవ్వలేదుగా నాయనా. ఇచ్చినదాని గురించే చెప్తున్నా. మీ నాన్నగారు పైన ఇంజన్లో నిలబడే ఫుట్ ప్లేటు మీద, నేను కింద కంకర మీద. వీలైతే ఆయన దగ్గర కూర్చుని రాత్రి డ్యూటీలో ఏది కావాలనుకునేవారో అడుగు. నన్నడిగితే మాత్రం డీజిలే.