చిన్న స్వచ్ఛంద బృందాల్లో పిల్లల రక్షణ: కనీసం ఏమేం ఉండాలి?

సాయంత్రంబడి (ఆరిలోవ)

నమస్తే. విశాఖ ఆరిలోవలో సాయంత్రం 5.30 నుంచి 8 దాకా ఉచిత ట్యూషన్ నడుపుతున్నాం. 3వ తరగతి నుంచి 9వ తరగతి దాకా 42 మంది పిల్లలు. చెప్పేవాళ్లం 11 మందిమి, ఎక్కువగా ఇంజినీరింగ్ విద్యార్థులు, ఇద్దరు ఇంటర్ పిల్లలు. కమ్యూనిటీ హాల్లో ఒక గది, వెనకాల బాత్రూం. సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదు.

పుస్తకాలకు డబ్బిస్తామన్న ఒక కంపెనీ వాళ్లు "మీ చైల్డ్ ప్రొటెక్షన్ పాలసీ పంపండి" అన్నారు. నెట్‌లో దొరికిన 34 పేజీల ఇంగ్లిష్ పాలసీలో పేరు మార్చి పంపేద్దామని కమిటీలో సగం మంది అంటున్నారు. మనలాంటి చిన్న బృందాలకు ఇవేవీ వర్తించవని మిగతా సగం. ఎక్కడ మొదలుపెట్టాలి?

సెక్షన్‌పంతులు

ముందు ఆ రెండో సగానికి జవాబు. రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ "ఎవరైనా సరే" అంటుంది. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకుండా వదిలేస్తే ఏడాది దాకా జైలు, పైన జరిమానా. అక్కడ సంస్థ అన్న మాట పక్కనే "ఏ పేరుతో పిలిచినా" అని ఉంది. కాబట్టి "మాది సంఘం కాదు, స్నేహితుల బృందం" అనే సాకు నమ్ముకోవద్దు.

2020 పోక్సో నియమాల్లో 3వది చూడండి. పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఒక్కసారి కాదు, కొంతకాలానికోసారి. అందులో సిబ్బంది, ఉద్యోగి అన్న మాటలే ఉన్నాయి, వాలంటీర్ అని లేదు కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనతో గదిలో ఉన్న పిల్లకు ఒరిగేదేమీ లేదు. అందరికీ చేయించండి.

24 గంటల గడువు దగ్గర చాలామంది పొరబడతారు. అది పోలీసులకు: సమాచారం అందాక బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు 24 గంటల్లో తెలపాలి. మనకు గంటల లెక్కేమీ లేదు. రేపు చూద్దాం అనుకునే వీలు కూడా లేదు, విన్నరోజే చెప్పాలి. మీ ఇంటర్ పిల్లల సంగతి మరవకండి. 18 నిండకపోతే వాళ్లూ చట్టం దృష్టిలో పిల్లలే, వాళ్లకు బ్యాచ్ ఒంటరిగా అప్పగించొద్దు.

కొండవాలుఅక్క

34 పేజీలు పక్కన పెట్టండి. తెలుగులో రెండు పేజీలు చాలు, కాని అందులో రాసిన ప్రతి వాక్యం ఆ గదిలో రోజూ జరగాలి. పేరు మార్చి పంపిన పాలసీలో "మా హెచ్‌ఆర్ విభాగం" అని ఉండిపోతుంది. చదివినవాళ్లకు అక్కడే విషయం తెలిసిపోతుంది.

అసలు సూత్రం ఒక్కటే: పెద్దవాళ్లెవరూ ఒక పిల్లతో ఎవరికీ కనబడని చోట ఒంటరిగా ఉండకూడదు. మిగతావన్నీ దీంట్లోంచి వచ్చేవే. గది లోపలి గడియ ఊడదీయించండి, తలుపు తెరిచే ఉంచండి. గదిలో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు, వాళ్లలో ఒకరు ఆడమనిషైతే మేలు. ఇద్దరు కుదరని రోజు క్లాసు లేదు, అంతే. ఈ ఒక్కచోటే బృందాలన్నీ జారిపోతాయి, పరీక్షల ముందు వాలంటీర్లు తగ్గినప్పుడు మరీను. అందుకే 11 మందికీ నెల ముందే రోస్టర్ వేసి, ప్రతి సాయంత్రానికి మూడో పేరు కూడా రాసుకోండి.

బాత్రూంకు పిల్లలు జంటగా వెళ్లాలి. పెద్దవాళ్లు తలుపు దగ్గర కాదు, వరండాలో నిలబడాలి. అక్కడ బల్బు వెలుగుతోందో లేదో రోజూ చూడండి.

రాత్రి 8కి ఎవరి పిల్లను ఎవరు తీసుకెళ్తారో రిజిస్టర్‌లో ముందే రాసుకోవాలి, ఒక్కో పిల్లకు రెండు పేర్లు, ఫోన్ నంబర్లు. కొండ మీద ఇళ్లు కదా, "పాపం చీకటి, బండి మీద దింపేస్తాను" అంటాడు మంచి మనసున్న కుర్రాడు. వద్దనండి. ఎవరూ రాకపోతే ఇద్దరు కలిసి నడిపించి దింపాలి.

కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఫారం, గుర్తింపు కార్డు కాపీ, బంధువులు కాని ఇద్దరి నంబర్లు అడగండి. ఆ ఇద్దరికీ నిజంగా ఫోన్ చేయాలి. "మంచోడేనా?" అంటే అందరూ అవుననే అంటారు. "మీ పిల్లను ఇతని దగ్గర ఒంటరిగా వదులుతారా?" అని అడిగి, జవాబుకు ముందు ఎంతసేపు ఆగారో గమనించండి. పోలీసు వెరిఫికేషన్‌లో కేసు నమోదైనవాళ్లే బయటపడతారు, అందుకే ఈ ఫోన్లకు అంత విలువ. మొదటి మూడు నెలలు పాతవాళ్లతో జతగానే ఉంచండి.

పెద్దమనిషి_గాజువాక

అన్నీ బాగానే ఉన్నాయి గాని, పిల్ల ఏదో అనగానే పోలీసుల దగ్గరికి పరిగెడితే ఎలాగండీ? ముందు కమిటీ కూర్చుని ఇద్దరినీ పిలిచి అడిగి, నిజమో కాదో తేల్చుకోవద్దా? కుర్రాడి భవిష్యత్తు కూడా చూడాలి కదా.

సెక్షన్‌పంతులు

వద్దండి. మీ ఉద్దేశం మంచిదే గాని, అలా చేస్తే మూడు చోట్ల చెడుతుంది. నలుగురు పెద్దలు నాలుగు సార్లు అడిగితే పిల్ల మాట మారుతుంది, తర్వాత కోర్టులో ఆ తేడానే పట్టుకుంటారు. ఆ కుర్రాడికి ముందే తెలిస్తే ఫోన్‌లో ఉన్నవి చెరిపేస్తాడు, పిల్ల ఇంటికెళ్లి బతిమాలతాడో బెదిరిస్తాడో. ఈలోగా రెండు రోజులు గడిస్తే తెలిసి చెప్పని నేరం కమిటీ మీద పడుతుంది. నిజమో కాదో తేల్చడం పోలీసుల పని. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద సివిల్ గాని క్రిమినల్ గాని బాధ్యత ఉండదని 19వ సెక్షన్ ఏడో ఉపసెక్షన్‌లోనే ఉంది.

పిల్ల చెప్పడం మొదలుపెడితే వినండి, అడ్డు తగలకండి. "ఏమైంది?", "తర్వాత?" దాటి అడగొద్దు. "అతను ఇక్కడ ముట్టుకున్నాడా?" లాంటి ప్రశ్న అసలు వద్దు. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, ఎందుకంటే చెప్పక తప్పదు. ఫోన్‌లో రికార్డు చేయొద్దు. వెంటనే పేజీ నంబర్లున్న బైండు పుస్తకంలో తేదీ, సమయం వేసి, పిల్ల వాడిన మాటల్నే రాయండి. "అసభ్యంగా ప్రవర్తించాడు" అని పుస్తక భాషలోకి మార్చితే ఆ రాతకు విలువ పోతుంది. సంతకం పెట్టి బీరువాలో ఉంచండి. కమిటీ వాట్సాప్ గ్రూపులో పిల్ల పేరు రాయడం జువెనైల్ జస్టిస్ చట్టం (2015) 74వ సెక్షన్‌తో చెలగాటమే.

తర్వాత స్టేషన్‌కు గాని, 112కు గాని, 1098కు (పిల్లల హెల్ప్‌లైన్) గాని చెప్పండి. తల్లిదండ్రులకు చెప్పాలి, అనుమానం ఇంట్లోవాళ్ల మీదే ఉంటే తప్ప. ఘటన తాజాదైతే బట్టలు ఉతకొద్దని, స్నానం చేయించొద్దని చెప్పండి. ఎఫ్ఐఆర్ లేకపోయినా వైద్య పరీక్ష చేయించుకోవచ్చు. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి. పోలీసులు పిల్ల ఉండే చోటికే వచ్చి, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవి తెలిసుంటే తల్లిదండ్రులకు సగం భయం పోతుంది.

నాన్న తాగి కొడుతున్నాడని పిల్ల చెబితే అది పోక్సో కాదు. అక్కడ 1098కు చెప్పండి, బాలల సంక్షేమ సమితి దాకా వెళ్తుంది.

సాయంత్రంబడి (ఆరిలోవ)

చాలా థాంక్సండీ. ఇంకో రెండు. అధ్యక్షుడి బావమరిది కూడా మా దగ్గర చెబుతాడు. ఫిర్యాదు అతని మీదే వస్తే? డిసెంబర్‌లో ఆర్కే బీచ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఫొటోలు దాతలకు పంపాలి.

కొండవాలుఅక్క

అందుకే ఫిర్యాదు వినే ఇద్దరిలో ఒకరు కమిటీకి బయటివాళ్లు కావాలి. పిల్లల తల్లుల్లో ఒకరిని అడగండి. ఆ ఇద్దరి పేర్లు, నంబర్లు, కింద 1098, 112 పెద్ద అక్షరాల్లో గోడ మీద, పిల్లల కంటి ఎత్తులో అంటించండి. ఫిర్యాదుల పెట్టె మీద నాకు నమ్మకం లేదు. తాళంచెవి అధ్యక్షుడి దగ్గరే ఉంటుంది, మూడో తరగతి పిల్ల చీటీ రాయదు. ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా తేలేదాకా సెంటర్‌కు రాకూడదన్న వాక్యం పాలసీలో ఇప్పుడే రాయండి, బావమరిది సంతకంతో సహా. పేరు బయటపడ్డాక రాయడం ఎవరి వల్లా కాదు.

బీచ్‌కైతే ఎనిమిది మందికి ఒకరి లెక్క చాలదు, నలుగురికి ఒకరు. అక్కడ అల వెనక్కి లాగేస్తుంది, కాబట్టి కాళ్లు తడుపుకోవడం కూడా లేదు. 42 మందిని ఒకేసారి కాక రెండు విడతలుగా తీసుకెళ్లండి. తల్లిదండ్రుల సంతకం, బస్సు ఎక్కేముందు, దిగాక, అరగంటకోసారి పేరుపేరునా లెక్క.

ఫొటోకు అనుమతి విడిగా తీసుకోండి, ట్యూషన్ ఫారంలో కలిపేయొద్దు. స్కూల్ బ్యాడ్జీ, పిల్ల పూర్తి పేరు కనబడకూడదు. "తండ్రి లేని చిన్నారి" లాంటి క్యాప్షన్ దాత ఎంత అడిగినా వద్దు. పుట్టినరోజు భోజనం పెట్టడానికి వచ్చేవాళ్లకూ ఇదే నియమం: పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, పక్కకు తీసుకెళ్లి బహుమతివ్వడం కుదరదు. పిల్లలకు సొంత ఫోన్లున్నా వాలంటీర్లు విడిగా మెసేజ్ చేయకూడదు, ఇద్దరు పెద్దలు అడ్మిన్లుగా ఉన్న గ్రూపులోనే.

కంపెనీకి ఆ రెండు పేజీలతో పాటు ఈ నెల రోస్టర్, రిజిస్టర్‌లో ఒక ఖాళీ పేజీ ఫొటో జతచేసి పంపండి.