చలికాలంలో ఇంట్లో పోసిన టమాటా నారు సన్నగా సాగి పడిపోతోంది, వేడి చాలడం లేదా?

అడిగినవారు: మొలకపెట్టె

అందరికీ నమస్కారం. మేముండేది వేడి ప్రాంతం, చలికాలం అంటే పేరుకే. తెల్లవారుజామున బయట 14, 15 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నానికి 27, 28 దాకా వెళ్తుంది. పోయినసారి విత్తనాలు ఆలస్యంగా వేశాను, మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత కూడా బాగా వచ్చింది, కానీ ఎండలు ముదిరేసరికి పూలన్నీ కాడ దగ్గర తెగి రాలిపోయాయి, ఒక్క కాయ పట్టలేదు. అందుకే ఈసారి ముందే మొదలుపెడదామని 18 రోజుల కిందట ప్రోట్రేలో (నారు పోసే గుంటల ట్రే) కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపి 24 గుంటల్లో విత్తనాలు పెట్టాను. చలి తగలకూడదని ట్రేని ఇంట్లోనే కిటికీకి కాస్త దూరంగా బల్ల మీద ఉంచి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మూత పెట్టాను. 6 రోజులకే దాదాపు అన్నీ మొలిచాయి, చాలా సంతోషమేసింది.

ఇప్పుడు చూస్తే కాడలు దారంలా సన్నగా 8, 9 సెంటీమీటర్లు సాగాయి, అన్నీ కిటికీ వైపు వాలుతున్నాయి, కొన్ని మొదట్లోనే ఒరిగి పడిపోయాయి. మొలిచినప్పుడు వచ్చే జంట ఆకుల తర్వాత రావాల్సిన అసలు ఆకులు ఇంకా సరిగ్గా విచ్చుకోలేదు. ట్రే కింద వేడినిచ్చే మ్యాట్ పెట్టాలని చాలా వీడియోల్లో చెబుతున్నారు. చలి వల్లే ఇలా అవుతోందా? మ్యాట్ కొనమంటారా? ఉన్న మొక్కల్ని కాపాడుకోవచ్చా, లేక అన్నీ తీసేసి మళ్ళీ విత్తనాలు పెట్టాలా? రోజూ పొద్దున లేచి ట్రే చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పెరటితీగ

మ్యాట్ కొనకండి. మీ విత్తనాలు 6 రోజుల్లో మొలిచాయంటేనే వేడి సరిపోయిందని అర్థం. టమాటా విత్తనానికి మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే 5 నుంచి 8 రోజుల్లో మొలుస్తుంది, 15 డిగ్రీల దగ్గర ఉంటే దాదాపు రెండు వారాలు పడుతుంది, 10 కంటే తగ్గితే మొలక రావడం చాలా కష్టం. ఆ వీడియోలు చేసేవాళ్ళలో చాలామంది బయట మంచు కురిసే చోట ఉంటారు, వాళ్ళ ఇబ్బంది వేడి చాలకపోవడం. మనలాంటి వేడి ప్రాంతంలో ఇంట్లో నారు పెంచేవాళ్ళ ఇబ్బంది వెలుగు చాలకపోవడం. ఈ తేడా తెలియక నేను రెండేళ్ళు నారు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కిటికీ పక్కన మనకి బాగా వెలుతురుగానే కనిపిస్తుంది, కానీ మన కన్ను తక్కువ వెలుగుకి చాలా తేలిగ్గా సర్దుకుంటుంది కాబట్టి దాన్ని నమ్మలేం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది, అదే గదిలో బల్ల దగ్గర కొలిస్తే కొన్ని వందలే ఉండొచ్చు. మీ ట్రే ఉన్నది కిటికీకి దూరంగా, పైగా వెచ్చగా. వెచ్చదనం మొక్కని పెరుగు పెరుగు అంటుంది, దానికి కావలసిన తిండి వెలుగు నుంచి రావాలి, అది రాదు. దాంతో మొక్క ఉన్న కాస్త శక్తినీ కాడ పొడుగు సాగడానికే ఖర్చు పెట్టేస్తుంది. అలాంటి ట్రే కింద మ్యాట్ కూడా పెడితే ఇంకా సాగుతాయి. నిజానికి మొలిచాక రాత్రి పూట 16, 18 డిగ్రీలు ఉంటేనే కాడ పొట్టిగా, లావుగా వస్తుంది. మీ చలికాలం నారుకి చక్కగా సరిపోయే వాతావరణం, తలుపులు మూసి దాన్ని నారుకి దూరం చేయకండి.

ఇప్పుడు చేయాల్సింది: పగలు ట్రేని బయట పెట్టండి, రాత్రికి లోపలికి తెచ్చుకోండి. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం పెట్టకండి, ఇంట్లో పెరిగిన ఆకు చాలా లేతగా ఉంటుంది, ఒక్క పూటలో తెల్లగా మాడిపోతుంది. మొదటి రోజు పొద్దుటి ఎండ ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా పెంచుకుంటూ 8, 10 రోజులకి రోజంతా ఎండలో ఉండేలా చేయండి. బయట పెట్టే వీలే లేనివాళ్ళు తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ మొక్కల పైన ఒక బెత్తెడు ఎత్తులో వేలాడదీసి, రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించాలి. మొక్కలు పెరిగే కొద్దీ లైటు పైకి జరపాలి. రాత్రంతా కూడా వెలిగించి ఉంచితే ఇంకా బాగా పెరుగుతాయని కొందరు అనుకుంటారు, టమాటాకి అది పడదు, చీకటే లేకపోతే ఆకులు పసుపు రంగుకి తిరిగి పాడవుతాయి.

సాగిన మొక్కల్ని పారేయనక్కర్లేదు. టమాటా కాడ మట్టిలో ఎంత మేర ఉంటే అంత మేర వేర్లు వేస్తుంది. అసలు ఆకులు రెండు విచ్చుకోగానే, కాస్త లోతున్న కప్పుల్లోకి మార్చి, మొలిచినప్పుడు వచ్చిన జంట ఆకుల కింది దాకా కాడని మట్టిలో పూడ్చేయండి. పట్టుకునేటప్పుడు ఆకుని పట్టుకోండి, కాడని కాదు, ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. రోజూ ఒకసారి అరచేత్తో మొక్కల తలలు మెల్లగా నిమరండి. గాలికి ఊగిన మొక్క గట్టిపడినట్టే, ఆ కదలికకి కూడా కాడ గట్టిపడుతుంది.

జవాబు: వేరుశోధన

పైన చెప్పిందంతా సరైనదే, కానీ ఒరిగిపోయిన మొక్కల్ని మార్చే ముందు ఒక్కొక్కదాన్నీ దగ్గరగా చూడండి. కాడ మొదలంతా పచ్చగానే ఉండి మొక్క వాలిపోతే అది వెలుగు లేక సాగింది, బతుకుతుంది. మట్టికి ఆనుకున్న చోట కాడ గోధుమ రంగుకి తిరిగి, తడిసి మెత్తబడి, దారం కట్టి బిగించినట్టు నొక్కుకుపోయి ఉంటే అది నారుకుళ్ళు తెగులు. దానికి మందు వేసి ఆ మొక్కని బతికించలేం. దాని గుంటలో ఉన్న కోకోపీట్‌తో సహా తీసి పారేయాలి, లేకపోతే పక్క గుంటలకి పాకుతుంది. అలాంటిదాన్ని జాలిపడి లోతుగా పూడ్చారంటే కుళ్ళుని చేతులారా కొత్త కప్పులోకి తీసుకెళ్ళినట్టే.

నాకు అనుమానం మీ మూత మీదే. అది మొలక వచ్చేదాకా తేమ ఆరకుండా ఉండటానికి పనికొస్తుంది, మొదటి మొలక కనిపించిన రోజే తీసేయాలి. 12 రోజులుగా మూత కింద గాలి కదలక, తేమ ఆరక, వెలుగు లేక ఉన్నాయంటే నారుకుళ్ళు తెచ్చే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులకి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఇంకో మాట, కోకోపీట్ పైన పొడిగా కనిపిస్తుంది, లోపల మాత్రం బాగా తడిగా ఉంటుంది. పైన చూసి రోజూ నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువమంది. ట్రేని రెండు చేతులతో ఎత్తి చూడండి, తేలిగ్గా అనిపిస్తేనే నీళ్ళు పెట్టండి. అది కూడా పైనుంచి కాదు, వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో ట్రే పెట్టి, 15, 20 నిమిషాలు కిందనుంచి పీల్చుకోనిచ్చి, మిగిలిన నీళ్ళు పారబోయండి. ఫ్యాన్ తక్కువ స్పీడులో దూరం నుంచి తగిలినా మంచిదే.

జవాబు: ఎండాకాలంకోత

మీ అసలు బాధ పోయినసారి పూత రాలడం కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. టమాటా పూత నిలవాలంటే రాత్రి ఉష్ణోగ్రత ముఖ్యం. పగలు 35 దాటి, రాత్రి 24 కంటే దిగకపోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూవు విచ్చుకుంటుంది, కాయ పట్టకుండా రాలిపోతుంది. దానికి ఎరువు తక్కువనుకుని ఇంకా నత్రజని వేస్తే ఆకే పెరుగుతుంది.

అందుకే నేను మీ దగ్గర ఎండలు ముదిరే వారం నుంచి వెనక్కి లెక్కపెట్టమంటాను. విత్తనం పెట్టిన దగ్గర్నుంచి నాటడానికి 4, 5 వారాలు, నాటాక పూత మొదలవడానికి ఇంకో 3, 4 వారాలు. ఆ తర్వాత చల్లటి రాత్రుల్లో పూత నిలిచి కాయలు పట్టడానికి కనీసం 5 వారాలైనా చేతిలో ఉండాలి. మొత్తం 12 నుంచి 14 వారాలు. ఒకసారి పట్టిన కాయ ఎండల్లో కూడా ఊరుతుంది, దాని గురించి భయం లేదు. కాకపోతే 30, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపు రంగు సరిగ్గా రాదు, నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు రంగు తిరగడం మొదలవగానే కోసి నీడలో మాగబెట్టుకోవాలి.

అడిగినవారు: మొలకపెట్టె

ఇప్పుడే లెక్క చూసుకున్నాను, ఎండలు ముదరడానికి ఇంకా 11 వారాలు ఉంది, నారు వయసు 18 రోజులు. అంటే సరిపోతుందా? మళ్ళీ విత్తనం పెడితే మాత్రం ఆలస్యమయ్యేలా ఉంది.

జవాబు: ఎండాకాలంకోత

బొటాబొటీగా సరిపోతుంది అండి. ఉన్న నారుతోనే వెళ్ళండి, సాగిన మొక్క సర్దుకోవడానికి ఒక వారం పోయినా మీకు పూతకి 4, 5 వారాలు మిగులుతాయి. పక్కన ఒక నాలుగు చెర్రీ టమాటా విత్తనాలు కూడా పెట్టుకోండి, వేడిలో పెద్ద కాయల రకాలకన్నా అవి బాగా కాయ పడతాయి.

జవాబు: తెల్లదోమతో పోరు

బయట పెట్టమని అందరూ చెబుతున్నారు, నేను కాదనను, కానీ ఊరికే బయట పెడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుందేమోనని భయం. వేడి ప్రాంతంలో చలికాలం వచ్చినా తెల్లదోమ చావదు, ఆకుల కింద ఉంటూనే ఉంటుంది. ఆకుముడత వైరస్‌ని మోసేది అదే. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు సోకితే నష్టం అంత ఎక్కువ, నారు దశలో పట్టిందంటే ఆకులు పైకి ముడుచుకుని మొక్క గిడసబారిపోతుంది, కాయ ఆశ వదులుకోవాల్సిందే. వైరస్‌కి మందు లేదు. పోయినేడు 30 మొక్కలు అలా పీకేశాను, చేతులు రాలేదు. కాబట్టి ట్రే చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి 40 లేదా 50 మెష్ (అంగుళానికి అన్ని కంతలుండే) తెల్లటి వల కప్పి, అంచులు ఎక్కడా సందు లేకుండా బరువు పెట్టండి. మామూలు దోమతెర కంతల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది, అది నమ్ముకోవద్దు. వల వల్ల వెలుగు కొంచెం తగ్గుతుంది, అయినా గదిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువే ఉంటుంది.

జవాబు: పెరటితీగ

వల గురించి నేనే ముందు చెప్పాల్సింది, తప్పకుండా కప్పండి. నాటాక కూడా పూత వచ్చేదాకా ఉంచితే ఇంకా మంచిది.

అడిగినవారు: మొలకపెట్టె

10 రోజుల తర్వాత రాస్తున్నాను. 24లో 5 మొక్కలకి కాడ మొదట్లో అచ్చంగా మీరు చెప్పినట్టే గోధుమ రంగు నొక్కు కనిపించింది, కోకోపీట్‌తో సహా తీసేశాను. మూత ఆ రోజే పక్కన పడేశాను. మిగిలిన 19 మొక్కలు వల కింద రోజుకి కాసేపు ఎండలో మొదలుపెట్టి ఇప్పుడు సాయంత్రం దాకా ఉంటున్నాయి. మొన్న లోతుగా కప్పుల్లోకి మార్చాను, ఒకరోజు వాడినట్టు కనిపించి మర్నాటికి నిటారుగా నిలబడ్డాయి. కొత్తగా వచ్చిన ఆకు ముదురాకుపచ్చగా ఉంది, పొట్టిగా ఉంది, చూస్తుంటే ప్రాణం లేచి వచ్చింది. ఒక్కటే సందేహం, కొన్ని ఆకుల అడుగున ఊదా రంగు కనిపిస్తోంది, అది తెగులా?

జవాబు: వేరుశోధన

తెగులు కాదు. వేర్ల దగ్గర చల్లగా ఉన్నప్పుడు మొక్క భాస్వరం సరిగ్గా తీసుకోలేదు, అప్పుడు ఆకుల అడుగున ఆ రంగు వస్తుంది. కప్పులు రాత్రి లోపల పెడుతున్నారా, బయటే వదిలేస్తున్నారా? బయట ఉంటే చల్లని గచ్చు మీద కాకుండా చెక్క పలక మీద పెట్టండి. కోకోపీట్‌లో ఎరువు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, కప్పుల్లో వేసిన దానిలో వర్మీకంపోస్ట్ కలపకపోయి ఉంటే ఇప్పటినుంచి వారానికోసారి ద్రవ ఎరువుని డబ్బా మీద చెప్పిన మోతాదులో నాలుగో వంతు కలిపి ఇవ్వండి. కొత్త ఆకులు పచ్చగా వస్తే చాలు, పాత ఆకుల రంగు అలాగే ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.