డీడీఎక్స్3ఎక్స్‌కి పాత పాలీక్లోనల్ చాలదా?

తార్నాక_పిపెట్: ఆర్ఎన్ఏ మడతలు విప్పే హెలికేజ్ ప్రోటీన్ డీడీఎక్స్3ఎక్స్‌కి వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గీతగా, అంటే బ్యాండ్‌గా చూసే పరీక్ష) చేస్తున్నా. కుందేలు పాలీక్లోనల్ (కుందేలు నుంచి తీసిన రకరకాల యాంటీబాడీల మిశ్రమం) ట్యూబు అయిపోవచ్చింది. మళ్లీ అదే తెప్పించాలా, రేటెక్కువైనా రీకాంబినెంట్ మోనోక్లోనల్‌కి (తెలిసిన సీక్వెన్స్‌తో ల్యాబ్‌లో చేసే ఒకే రకం యాంటీబాడీకి) పోవాలా?

జెల్_బాబాయ్: అదే తెప్పించు. దాని బరువు 73 కిలోడాల్టన్లు, ఆడ బ్యాండ్ వస్తే అయిపాయె, ఎన్నేండ్ల సంది వాడుతున్నం.

ఉప్పల్_అక్క: 73 దగ్గర వచ్చిందల్లా అదేనా? వై క్రోమోజోమ్ మీద దాని జంట డీడీఎక్స్3వై ఉంది, ఒకటి 662 అమైనో ఆమ్లాలు ఇంకోటి 660, 90 శాతం పైన సేమ్. మీ పాలీక్లోనల్ రెంటినీ పట్టుకుంటే ఏది ఏదని చెప్తారు?

జెల్_బాబాయ్: మావి హీలా కణాలమ్మా, ఆడమనిషివి. వై యాడికెల్లొస్తది? హెచ్ఈకే 293 కణాలల్ల కూడా లేదు. వాదించే ముందు సెల్ లైన్ అడగాలె.

మిల్క్_పౌడర్: బ్లాకింగ్ (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందు చేసేది) పాలపొడితోనా, బీఎస్ఏ అనే ఆవు ప్రోటీన్‌తోనా?

ఉప్పల్_అక్క: సరే, వై వదిలెయ్యండి. కొత్త లాటు కొత్త కుందేలు నుంచి వస్తే? మాకు అదే క్యాటలాగ్ నంబరు మీద 55 దగ్గర ఇంకో గీత వచ్చింది, ఎస్ఐఆర్ఎన్ఏ (ఆ ప్రోటీన్ తయారీని తగ్గించేది) ఇచ్చిన లేన్లో 73 బ్యాండ్ పల్చబడింది గానీ 55ది చెక్కుచెదరలేదు, అంటే అది వేరేదేదో. రీకాంబినెంట్‌కి సీక్వెన్స్ తెలుసు, లాటు మారినా అదే వస్తుంది.

జెల్_బాబాయ్: మోనోక్లోనల్ పట్టేది ఒక్క ఎపిటోప్‌నే, అంటే ప్రోటీన్ మీద ఒక్క చోటునే. కణాలను ఫిక్స్ చేసినంక ఆ చోటు మూసుకుపోతే ఇమ్యునోఫ్లోరోసెన్స్‌ల (కణంల ప్రోటీన్‌ను మెరిపించి మైక్రోస్కోప్‌ల చూసుడు) అంతా చీకటే. మీ ల్యాబ్‌ల పైసలున్నయ్, మాట్లాడుతరు.

ఉప్పల్_అక్క: పైసలా? నా ఫెలోషిప్ ఆఖరి ఏడాదిలో రివ్యూయర్ కంట్రోల్ అడిగితే, గైడ్ యాంటీబాడీని ఒక్క మాట అనలేదు, "నీ చేతిలోనే ఏదో ఉంది" అన్నాడు. బ్లాట్లన్నీ నేనే మళ్లీ చేసి చచ్చా, స్టైపెండ్ ఆగిపోయాక కూడా.

జెల్_బాబాయ్: గది మీ గైడ్ లొల్లి. ఇప్పుడు మా పాత పేపర్లు తప్పంటవా?

ఉప్పల్_అక్క: తప్పనలేదే. నాక్‌డౌన్ లేన్ (ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చింది) ఎన్నిట్లో ఉందని అడుగుతున్నా.

జెల్_బాబాయ్: ఎస్ఐఆర్ఎన్ఏ కొననీకి అడిగినా సార్ సంతకం పెట్టకపాయె. నన్నేం జెయ్యమంటవ్?

కొత్త_స్కాలర్: నాకౌటే చేసేస్తే గొడవ ఉండదు కదా?

ఉప్పల్_అక్క: వై లేని కణాల్లో డీడీఎక్స్3ఎక్స్ పూర్తిగా తీసేస్తే చాలావరకు బతకవు తమ్ముడూ. నాక్‌డౌనే దిక్కు.

తార్నాక_పిపెట్: అయితే మిగిలిన పాత ట్యూబుతోనే ముందు నాక్‌డౌన్ పెడతా, 73 తగ్గకపోతే ఆ బ్లాట్ పట్టుకుని సార్ దగ్గరికి పోతా. అక్కా, ఎస్ఐఆర్ఎన్ఏ ఇచ్చాక 48 గంటలు చాలా, 72 ఆగాలా?

మిల్క్_పౌడర్: పాలపొడి సంగతి ఎవరూ చెప్పలేదు.